ఎర్రదారం గొర్రెలు, నీలిదారం గొర్రెలు

ఆ రోజుల్లో మనుషులకు వైద్యం చేయకుండానే పేరు ముందు డాక్టరు అని పెట్టుకోవచ్చని మా మెట్‌పల్లి వైపు ఎవరికీ తెలియదు. హైదరాబాదులో పశువైద్యం చదివి, ఆ పైన పరిశోధనలో కూడా చేరానంటే, ఇంకా పాస్ కాలేదా అని జాలిపడేవాళ్లు. గొర్రెల కార్జంలో, అంటే కాలేయంలో, చేరే జలగలకు ఒక కొత్త మందు పనిచేస్తుందా లేదా అన్నది నా పరిశోధన. నిజం చెప్పాలంటే రెండేళ్లపాటు నేను చేసిన పని గొర్రె పెంటికలు ఏరడం, డబ్బాలో పోసి బస్సులో హైదరాబాదు తీసుకుపోవడం, మైక్రోస్కోపు కింద వాటిలో జలగ గుడ్లు లెక్కపెట్టడం. (ఒకసారి కండక్టరు డబ్బా ఊపి చూసి, శనగలనుకుని నవ్వుతూ చెయ్యి చాపాడు. మూత తీసి చూపించాక నా పక్కన ఎవరూ కూర్చోలేదు.)

ప్రయోగానికి మా ఊరి పెద్దవ్వ మందను ఎంచుకున్నాను. ఆమె మాకు చుట్టమేమీ కాదు, ఊరంతా అట్లాగే పిలిచేది. భర్త పోయాక నలభై గొర్రెలను ఒక్కతే కాసుకునేది. చెరువు నీళ్లు తీసిన శిఖంలో తడి గడ్డి మేసి అవి జలగ తగిలి చిక్కిపోయేవి. మా అన్న మగ్గం దగ్గర నూలు అడిగి తెచ్చి, ఇరవైటి మెడకు ఎర్రదారం, ఇరవైటికి నీలిదారం కట్టాను. ఎర్రదారం వాటికి మందు, మూడు వారాలకు మళ్లీ ఒకసారి మందు. నీలిదారం వాటికి ఏమీ లేదు. పోల్చి చూడటానికి అవి అట్లాగే ఉండాలని పెద్దవ్వకు వివరంగా చెప్పాను. ఆమె అంతా విని తలూపింది. తలూపితే ఒప్పుకున్నట్టే అనుకునే వయసు నాది.

మూడు వారాలకు వెళ్లి ఎర్రదారం వాటికి రెండోసారి మందు పట్టించాను. ఎండకూ వానకూ తిరిగినా దారం రంగు కొంచెం కూడా వెలవలేదు. మా అన్న అద్దకం అంటే అదీ అని లోలోపల పొంగిపోయాను కూడా. నలభై గొర్రెలూ నాకు ఒక్క తీరుగానే కనబడేవి, దారమే నాకు ఆధారం.

తీరా గుడ్లు లెక్కపెడితే రెండు గుంపుల్లోనూ తగ్గాయి. మందు తాగనివి కూడా చక్కగా కోలుకున్నాయి. కోస్తా వైపు నుంచి వచ్చిన మా గైడుగారు నా కాగితాలు రెండుసార్లు చదివి, "ఏమయ్యా, మీ గొర్రెలు మందు వాసన చూసినా బాగుపడతాయా?" అన్నారు. కారణం తేలకపోతే పట్టా సంగతి మరచిపొమ్మని కూడా అన్నారు. పరుగున ఊరికి వచ్చి చెరువు కట్ట మీద పెద్దవ్వను పట్టుకున్నాను. ఆమె ఏమీ దాచలేదు. ఎర్రవాటికి నీలి, నీలివాటికి ఎర్ర దారాలు మార్చింది తానే. ముడి విప్పరాక కోసేసి కొత్తవి కట్టిందట.

"ఒక్కపారి గాటికి పోసినవ్, మలిపారి గీటి వంతు. చెరువు నీళ్లకే వంతులున్నయి, మందుకు ఉండయా బిడ్డా?"

అన్నింటికీ పోస్తే మందు పనిచేస్తుందో లేదో ఎట్లా తెలుస్తుందని మొత్తుకున్నాను. ఆమె నా వైపు అదోలా చూసింది.

"పనిజేస్తదని ఎరుక లేకనే నా గొర్లకు పోసినవా?"

నేను మాట మార్చాను. కొత్త దారం ఎక్కడిదని అడిగితే, మీ అన్ననే ఇచ్చిండని చెప్పింది.

అన్న నాకంటే నాలుగేళ్లు పెద్ద. మా బాపు పోయినప్పుడు నాలుగో తరగతిలో బడి మాని, గుంట మగ్గంలో కూర్చున్నాడు. నా చదువంతా ఆ మగ్గం మీదనే సాగింది. నేను ఇంటికి వెళ్లేసరికి నేస్తున్నాడు. నా రెండేండ్ల కష్టం మట్టిపాలు చేశావని అరిచాను. (అన్న మీద అరవడం అదే మొదలు.) పోగుల మధ్య తిరిగే నాడె ఆపకుండానే అన్నాడు:

"వంతు అన్నది ముసల్ది. నాకూ నిజమే అనిపించింది, ఇచ్చిన."

కాసేపటికి మగ్గం ఆగింది.

"మళ్ల చేస్తే ఎన్నొద్దులు పడ్తది?"

ఏడాది అన్నాను.

"చెయ్ మరి. మగ్గం ఉన్నది గద."

ఈసారి సర్కారు గొర్రెల ఫారంలో, చెవులకు నంబర్లు కొట్టించి చేశాను. పట్టా వచ్చింది. పెద్దవ్వ మందకు మొత్తం మందు పట్టించాను, అది మాత్రం ఎక్కడా రాయలేదు. పట్టా చూపిస్తే అన్న చేతులు పంచెకు తుడుచుకుని పట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పి, కాగితం మంచి గట్టిగున్నదని మెచ్చుకున్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నేనైన ఆ కుర్రవాడి మీద నవ్వొస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది. ఒక్క గుడ్డు లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టేవాడు. తన ఇంట్లో ఇద్దరు కొడుకులుంటే ఎర్రదారం ఒక్కడి మెడకే కట్టారనీ, ఆ దారం అద్దే ఇంకొకడికి వంతు రానే లేదనీ మాత్రం వాడికి కనబడలేదు.