చీటీ కిటికీ దగ్గర అడిగిన ప్రశ్న

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నన్ను బెల్లంపల్లి నుంచి కరీంనగర్ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆస్పత్రికి సీనియర్ రేడియోగ్రాఫర్‌గా బదిలీ చేశారు. ఎక్స్‌రేలు తీసే నన్ను జనం ‘ఫొటో సారు’ అనేవారు. తీయకూడనప్పుడు ఆగడమే ఈ ఉద్యోగంలో పెద్ద పని అంటే మా ఇంట్లోవాళ్లే నమ్మేవారు కాదు.

గర్భిణికి తప్పనిసరి అయితేనే ఎక్స్‌రే తీయాలి. అందుకే ఆడవాళ్లను “నెల తప్పిందా?” అని ముందే అడగాలి. ఆ ఆస్పత్రిలో ఈ ప్రశ్న చీటీ రాసే కిటికీ దగ్గరే, వరుసలో ఉన్నవాళ్లంతా వింటుండగా అడిగేవారు.

చొప్పదండి వైపు నుంచి సరిత అనే కొత్త కోడలు వచ్చింది. ఇంటిల్లిపాదీ మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు. దగ్గు ఎంతకీ తగ్గడం లేదని, క్షయ ఉందేమో చూడమని డాక్టరమ్మ ఛాతీ ఎక్స్‌రే రాసింది. కిటికీ దగ్గర ఆమె మామ పక్కనే నిలబడి ఉన్నాడు. సరిత లేదని తలూపింది. ఎక్స్‌రే తీశాను. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి.

కొన్నాళ్లకు అత్త లచ్చవ్వ ఆమెను వెంటబెట్టుకొచ్చింది. ఎక్స్‌రే తీసిన నాటికే సరితకు నెల తప్పిందట. బిడ్డ అవిటిగా పుడుతుందని ఊళ్లో ఎవరో చెప్పారట. కడుపు తీయించేద్దామని వస్తే, డాక్టరమ్మ ముందు నాతో మాట్లాడమని పంపింది.

“మామ ముంగట ఎట్ల జెప్పాలె సారూ? లేదని నేనే అబద్ధమాడిన. నా బిడ్డను నేనే ఆగం జేసుకున్న,” అని సరిత ఏడ్చింది. ఆ పిల్లను చూస్తే జాలేసింది, కిటికీ మీద కోపమొచ్చింది.

ఛాతీకి తీసేటప్పుడు కిరణాల గురి ఛాతీ మీదే ఉంటుంది, కడుపు దాకా చెదిరి చేరేది బహు స్వల్పం అని వాళ్లకు వివరించాను. నేల నుంచి, ఆకాశం నుంచి మనందరికీ కొంత రేడియేషన్ రోజూ తగులుతూనే ఉంటుంది. కొద్ది రోజుల్లో అలా తగిలేదెంతో, ఆ బిడ్డకు చేరిందీ అంతే. అవకరాలు కలిగించే మోతాదు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ.

లచ్చవ్వ తేలిగ్గా వదిలే మనిషి కాదు. “ఏం గాకపోతే నువ్వు గోడెనుకకు ఎందుకు ఉరుకుతవు సారూ?” అంది. ఆమెది ఒక్క ఎక్స్‌రే, నాది రోజంతా అదే పని, ఏళ్ల తరబడి, అన్నాను.

“అయితే ఏం గాదని కాయితం రాసిస్తవా?”

ఇక్కడ చిక్కుపడ్డాను. తక్కువ మోతాదు వల్ల కూడా ముందుముందు క్యాన్సర్ ముప్పు రవ్వంత పెరగవచ్చని మా శాస్త్రం జాగ్రత్త కోసం అనుకుంటుంది. ఇంత చిన్నదాన్ని కొలిచి చూపడం ఎవరివల్లా కాదు. ఎక్స్‌రే ఊసే లేని కాన్పుల్లోనూ కొందరు పిల్లలు లోపాలతో పుడతారు. రాసివ్వలేనన్నాను. ఆమె కొడుకు కడుపులో ఉన్నప్పుడు ఎవరు రాసిచ్చారని అడిగాను.

“ఎవలిస్తరు సారూ,” అని లచ్చవ్వ లేచింది. కోడలి చేయి పట్టుకుని, “నడువు బిడ్డా, ఇంటికి పోదాం,” అంది.

కాన్పు అయ్యేదాకా నాకూ మనసు నిమ్మళంగా లేదు. ఒకరోజు లచ్చవ్వ మనవరాలిని ఎత్తుకుని వచ్చి, పసిదాని పిడికిలి విప్పి చూపించింది. ఆరు వేళ్లు. నేను గబగబా రెండో పిడికిలి కూడా విప్పి చూడబోయాను.

ఆమె ఫక్కున నవ్వింది. “పరేషాన్ గాకు సారూ. నా కొడుక్కు గూడ గిట్లనే ఉండె, చిన్నగున్నప్పుడే తీపిచ్చినం. గిది మా ఇంటి ఏలు.”

తండ్రికి లేకపోయుంటే ఆ వేలు నా యంత్రం ఖాతాలోకే పోయేది. కాదని నిరూపించడం నావల్ల అయ్యేది కాదు.

సరిత ఏడ్చి వెళ్లిన మర్నాడే ఆ ప్రశ్నను కిటికీ దగ్గర మాన్పించాం. బట్టలు మార్చుకునే గదిలో, వెంట వచ్చినవాళ్లను బయట ఉంచి, ఆస్పత్రి ఆయా అడగడం మొదలుపెట్టింది. కిటికీ దగ్గర ఉన్నన్నాళ్లూ లేదనే జవాబు తప్ప నేను వినలేదు. గదిలోకి మారిన వారానికే అవునన్నవాళ్లు కనిపించారు.