దీపం పెట్టమన్నందుకు

మొన్న దోహా ముషైరిబ్ స్టేషన్లో మెట్రో మారుతుంటే జేబులో ఫోను వరసగా వణికింది. మా తెలుగువాళ్ళ గ్రూపులో ఎవరి నాన్నగారో పోయారట, నేను ఎస్కలేటరు దిగేలోపు నలభై కొవ్వొత్తులు వెలిగాయి. నేనూ ఒకటి పెట్టబోయాను గానీ బొటనవేలు ఆ బొమ్మ మీదే ఆగిపోయింది, చివరికి తండ్రి పోయిన ఆ అబ్బాయికే మామూలు ఫోను చేసి పలకరించాను. నా వయసులో వేళ్ళు ఆగిపోవడం వింతేమీ కాదు కానీ, ఈ ఆగడానికి కారణం కీళ్ళనొప్పులు కావు.

కొన్నేళ్ళ కిందటి మాట. దోహాను ఒక పక్క తవ్వుతూ ఇంకో పక్క కడుతున్న రోజులవి. నేనొక నిర్మాణ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని, అంటే డ్రాయింగులకూ ఉత్తరాలకూ నంబర్లు వేసి ఫైళ్ళలో పెట్టేవాణ్ణి. నా కంట్రోలంతా కాగితాల మీదే, మదీనత్ ఖలీఫాలో మా ఇంట్లో ఆ పాటి కూడా లేదు. నా పక్క బల్ల ఒక చైనా ఇంజినీరుది. అతనికి నా ఫైళ్ళను చూస్తే నవ్వు, ఎందుకంటే అన్నం, అద్దె, ఆఫీసు, ఆలి అన్నీ అతనికి అరచేతిలోని ఒక్క యాప్‌లోనే ఉండేవి. చైనావాళ్ళు ఎక్కువ కనుక మా సైటు గ్రూపు కూడా అందులోనే. అక్కడ బొమ్మలదో ప్రత్యేక వ్యాకరణం: పుచ్చకాయ ముక్క పెడితే ‘గట్టున కూర్చుని తమాషా చూస్తున్నా’ అని అర్థం, చిరునవ్వు ముఖం పెడితే అది నవ్వు కాదు, వెటకారం. ఈ సంగతి తెలిసేనాటికి నేను ఆరు నెలలుగా ప్రతి ఉదయం అందరికీ భక్తిగా ఆ చిరునవ్వే పంచుతున్నాను.

ఆ ఏడాది జూన్ మొదట్లో మా ఫోర్‌మన్ తల్లి పోయింది. జగిత్యాల వైపు మనిషి, కడచూపుకు అందలేక క్యాంపులోనే ఉండిపోయాడు. నేను గ్రూపులో పేరు రాసి వరసగా కొవ్వొత్తులు పెట్టాను. మనవాళ్ళందరూ పెట్టారు, చైనావాళ్ళలో ఒక్కరూ పలకలేదు. సాయంత్రం దాకా ఓపిక పట్టి, టీ దగ్గర నా ఫోను ఆ ఇంజినీరు ముక్కు ముందు పెట్టి, రోజూ మీ కోసం ఎండలో నిలబడే మనిషికి ఒక్క దీపం పెట్టడానికి చేతులు రాలేదా అని నలుగురిలో దులిపేశాను. అతను తల దించుకుని ఈ వారం కొవ్వొత్తి మంచిది కాదని ఏదో గొణిగాడు. చావుకు వారం వర్జ్యం ఏమిటయ్యా అన్నాను. అందరూ నవ్వారు. అతను లేచి వెళ్ళి, దుకాణంలో కొవ్వొత్తి కొని, వెలిగించి, ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు.

మర్నాటికి అతని ఖాతా మూతపడింది. నియమాలు మీరారు అని ఒక్క ముక్క కనిపించింది, ఏ నియమమో రాయలేదు. అప్పుడు చెప్పాడు, నా మీద కోపం లేకుండానే. వాళ్ళ దేశంలో ఆ వారం కొవ్వొత్తి అంటే, ఎప్పుడో ఒక జూన్‌లో సైన్యం కాల్పుల్లో పోయిన, పేరెత్తకూడని కొందరు మృతులను తలుచుకోవడమట. అందుకే ఆ రోజుల్లో ఆ బొమ్మే మాయమవుతుందట. నేను పెట్టిన వరస నా ఫోన్‌లో వెలిగిందే తప్ప వాళ్ళ ఫోన్లకు చేరనేలేదు. గోడకు చెవులుంటాయని చిన్నప్పటి నుంచీ విన్నాను, కత్తెర కూడా ఉంటుందని ఆ రోజే తెలిసింది.

అసలు బాధ అది కాదు. ఇంకో రెండు రోజుల్లో అతని కూతురికి వాళ్ళ దేశపు పెద్ద పరీక్ష, మన ఎంసెట్‌కు పెద్దన్న లాంటిది. పరీక్ష ముందు నాన్నతో మాట్లాడకుండా వెళ్ళనని ఆ పిల్ల ముందునుంచీ పట్టు. మనం వాడే యాప్‌లు అక్కడికి పోవు, తోటి చైనావాళ్ళెవరికీ అతని ఇంటివాళ్ళతో పరిచయం లేదు. భార్య నంబరు చెప్పవయ్యా అంటే బిక్కమొహం వేశాడు. పేరు మీద వేలు పెడితే చాలు, నంబరు ఎవరికి గుర్తుంటుంది?

మరునాటికీ ఖాతా తెరుచుకోలేదు, పరీక్షకు ఇంకొక్క రోజే ఉంది. నేను సిగ్గుతో చితికిపోతుంటే, ఇదంతా వింటున్న ఫోర్‌మనే ముందు లేచాడు. “ఏంది సార్, గిట్ల కూసుంటె అయితదా? నంబరు దేవులాడుండ్రి, నేను కార్డు తెస్త. మా అమ్మతోని ఇన్నేండ్లు గట్లనే మాట్లాడిన. యల్లా!”

నంబరు నా దగ్గరే దొరికింది. ఉద్యోగంలో చేరిన రోజు ప్రతివాడూ నింపే కాగితం, ప్రమాదం జరిగితే ఎవరికి చెప్పాలో రాసేది, అందరూ విసుక్కుంటూ నింపేది, మూడో అలమారలో ఉంది. అతని చేతి రాతలోనే భార్య పేరూ నంబరూ ఉన్నాయి. నా వృత్తి మొత్తం మీద నేను ఛాతీ విరుచుకుని తెరిచిన ఫైలు అదొక్కటే.

ఫోర్‌మన్ ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని దుకాణం నుంచి కాల్ కార్డు తెచ్చి, మీది పూత గోకి, అంకెలు ఒక్కొక్కటే చదువుతుంటే ఇంజినీరు ఆఫీసు ఫోన్లో నొక్కాడు. మాకు మధ్యాహ్నం భోజనాల వేళ, వాళ్ళకు సాయంత్రం. ఏదో పరాయి దేశపు నంబరు, మోసగాళ్ళనుకుని అవతల ఒకసారి కట్ చేశారు. రెండోసారీ అంతే. ఇంజినీరు ఇక వద్దన్నట్టు రిసీవరు పెట్టేయబోతే, “ఇంకోపాలి కొట్టు భాయ్” అని ఫోర్‌మన్ చేయి పట్టుకున్నాడు. మూడోసారి ఎత్తారు. అతను ఒక్క మాట అని గోడ వైపు తిరిగిపోయాడు. మేమిద్దరం భాష అర్థం కాకపోయినా మర్యాదకు బయటికి వచ్చేశాం.

తర్వాత చెప్పాడు, మూడోసారి ఎత్తింది కూతురట. మోసమే అయ్యుంటుంది, వద్దని తల్లి అంటున్నా ఫోను లాక్కుందట. రెండు రోజులుగా నాన్న కనిపించలేదు, ముక్కూ మొహం తెలియని నంబరు పట్టువదలకుండా మోగుతోందంటే అది నాన్నే అయ్యుండాలి అనుకుందట.

ఇప్పుడు నా ఫోనుకు ఏ భాషైనా వచ్చు, ఎవరు పిలుస్తున్నారో మోగకముందే చెబుతుంది, అనుమానమొస్తే తనే నోరు మూయిస్తుంది. మా ఇంట్లో తెలియని నంబరు ఎవరూ ఎత్తరు, నాతో సహా. ఎవరో మోసగాడికి చిక్కకుండా ఎన్నిసార్లు బయటపడ్డామో లెక్క చెప్పగలను గానీ, వేరే దారి లేక ఏ కొత్త నంబరు నుంచో మూడోసారి చేసి, ఇక పెట్టేసిన మనవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో ఎలా తెలుస్తుంది?