బాపయ్యగారి గన్నేరు శాస్త్రం

పక్క క్వార్టర్‌లో ఉంటున్న పాపానికి బాపయ్యగారి పూల శాస్త్రమంతా నేను వినాల్సివచ్చింది. శక్తినగర్ పవర్ స్టేషన్‌లో ఆయన ఉద్యోగం మీటర్లు చూడడం. పూలమొక్క కనబడితే మాత్రం పక్కన రేకుముక్క పాతి, పేరు రాసి, ఎవరూ అడక్కపోయినా పాఠం చెబుతారు.

ఆయన పెరట్లో గన్నేర్లు మూడు రకాలు. మోకాలెత్తు పెరిగి, పొట్టి ఆకుల మధ్య బిళ్ళల్లాంటి పూలు పూసేది బిళ్ళగన్నేరు. మనిషిని మించి పెరిగి, పొడుగాటి ఆకులతో ఉండేది ఎర్రగన్నేరు. గంటల్లాంటి పూలు పూసి, తుంచితే పాలు కారేది పచ్చగన్నేరు. ఈ చివరి రెండూ ప్రాణం తీస్తాయి. బాపయ్యగారు మూడింటికీ "గన్నేరు" అనే ఒకే రేకు పాతారు.

"ఇంటిపేరు ఒకటైనప్పుడు గుణాలు వేరేగా ఉంటాయా అండీ?" అనేవారు. ఆయన్నీ, ఆయన తమ్ముణ్ణీ చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు.

వాళ్ళింట్లో గిన్నెలు తోమే సుంకవ్వ ఒకరోజు షుగరు మాత్రలు పడటం లేదని చెప్పుకుంది. బిళ్ళగన్నేరు ఆకు గురించి ఫోనులో ఏదో చదివిన బాపయ్యగారికి పూనకం వచ్చింది. మోకాలెత్తు మొక్కకు వంగడానికి నడుము ఒప్పుకోలేదు. చేతికందిన ఎర్రగన్నేరు ఆకులే కోశారు. రుబ్బాక ఏ ఆకైనా పచ్చగానే ఉంటుంది. నేను పేపరు కోసం వెళ్ళేసరికి గ్లాసెడు పసరు సుంకవ్వ చేతిలో ఉంది.

"కళ్ళు మూసుకుని తాగెయ్. వారంలో మాత్రలు పారేస్తావు," అంటున్నారాయన.

గ్లాసు నోటిదాకా వెళ్ళింది. ఆయన భార్య తిరుమలమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి సుంకవ్వ చెయ్యి పట్టుకుంది.

"ఆగవే. ఏ చెట్టు ఆకు కోశారో నేను చూశాను. ఏవండీ, మీకూ షుగరే కదా. ముందు మీరు తాగండి."

బాపయ్యగారు గ్లాసు వంక చూసి, కిటికీలోంచి చెట్టు వంక చూశారు.

"నాకు మాత్రలు సరిపోతున్నాయి కదే. డాక్టర్ని అడక్కుండా ఎలా మారుస్తాను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మొక్కల్ని వేరుచెయ్యడం రాని మనిషికి మనుషుల్ని వేరుచెయ్యడం బాగానే వచ్చు.

సుంకవ్వ గ్లాసు కింద పెట్టింది. "నీ పానానికైతే డాక్టర్ని అడగాల. నా పానానికి ఎవర్నీ అడిగే పని లేదా సార్?"

సుంకవ్వ మిగతా గిన్నెలన్నీ తోమి, ఆ గ్లాసు ముట్టకుండా వెళ్ళిపోయింది. దాన్ని బాపయ్యగారే కడుక్కున్నారు.