కీబోర్డు ముట్టని మా నాటకాల సార్

మా నాటకాల సార్ పోయారని సార్ భార్య ఫోన్ చేసి చెప్పారు. "మీ సార్ పొద్దుగాల లేవలేదు బిడ్డా" అన్నారు, అంతే. ఆ సమయానికి నేను కరీంనగర్‌లో మా చిన్న ఆఫీసులో కూర్చుని, తయారుచేస్తున్న వీడియో గేమ్‌కు ముగింపు తోచక తల పట్టుకుని ఉన్నాను. అది ఎలా ముగియాలో చెప్తానని మాటిచ్చింది సారే. మీకు అబద్ధం ఎందుకు చెప్పాలి, ఏడుపు కన్నా ముందు నాకు అయోమయంగా అనిపించింది.

సార్ బొగ్గుగనుల ఊరు నస్పూర్‌లో, బడిలో తెలుగు చెప్పేవారు. సాయంత్రాలు బొగ్గుబాయి కార్మికులతో నాటకాలు ఆడించేవారు. ఆడవేషానికి మనిషి దొరక్క, బడిలో చదువుతున్న నన్ను మా బాపును బతిమాలి మరీ తీసుకుపోయారు. రిహార్సల్‌కు వచ్చేవాళ్లలో సగం మంది షిఫ్టు దిగి నేరుగా వచ్చేవాళ్లే. నిలబడే కునుకు తీసేవాళ్లు, డైలాగులు మరిచిపోయేవాళ్లు. అందుకని సార్ ఒక పద్ధతి పెట్టారు. తెర వెనక నుంచి మాట అందించే మనిషి ఉండడు. ఎదురుగా ఉన్న పాత్రే అప్పటికప్పుడు ఏదో ఒకటి అల్లి, మరిచిపోయిన మనిషిని దారిలోకి తేవాలి. "వాడు బాయిల కష్టం జేసి వచ్చిండు, మర్సిపోతడు. ఎదురుంగ నిలబడ్డవ్, నువ్వేం జేస్తున్నవ్ బిడ్డా?" అని నా మీద ఎన్నిసార్లు అరిచారో.

ఆయన మాత్రం ఎప్పుడూ చివరి వరస కుర్చీలో కూర్చునేవారు. టీ సాసర్‌లో పోసుకుని, తాగడం మరిచిపోయేవారు. "రసం మీ దగ్గర ఉండదు. గీ కుర్చీల ఉంటది" అని కుర్చీ చేతిమీద తట్టేవారు. చూసేవాళ్ల గుండెలో ఏదీ పుట్టకపోతే అది నాటకమే కాదని ఆయన లెక్క.

గేముల పనిలోకి వచ్చాక నాకు ఇదే పీటముడి అయింది. గేములో ఆ కుర్చీ ఎక్కడుంది? పాత్ర, ప్రేక్షకుడు ఇద్దరూ ఒక్కరే. పైగా కథను మధ్యలో మార్చేదీ ఆ ఒక్కరే. "మరి రసం ఎవరికి సార్?" అని అడిగితే ఒకరోజు "నీ గేముల సూత్రధారుడే లేడు, గది నాటకమెట్ల అయితది?" అనేవారు. ఇంకో రోజు ఆయనే ఫోన్ చేసి, "అసలు నాటకం గదే! సూసెటోన్నే స్టేజి ఎక్కిచ్చినవ్" అనేవారు. ఏది నమ్మాలో నాకు ఇప్పటికీ తెలియదు.

సార్ పోవడానికి నెల ముందు లాప్‌టాప్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. మా గేములో ఒక ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునుగుతోంది. కూతురు తల్లిని తీసుకుపోవడానికి వస్తుంది, తల్లి కదలదు. గేము ఆడేవాళ్లు కూతురి వేషంలో ఉంటారు. ఏ మాట అనాలో కీబోర్డు నొక్కి ఎంచుకోవాలి. నొక్కకపోతే తల్లి "జర ఆగు బిడ్డా" అనే ఒక్క మాటే మళ్లీ మళ్లీ అంటుంది. ఇదంతా వివరిస్తే సార్ తల ఊపారు. గేము మొదలుపెట్టి లాప్‌టాప్ ఆయన ముందుకు జరిపాను.

తెర మీద తల్లి "జర ఆగు బిడ్డా" అంది. సార్ ఆగారు. ఆమె మళ్లీ అదే అంది. ఇంకోసారి కూడా అనేసరికి సార్ నా వైపు వంగి, గుసగుసగా "మర్సిపోయింది" అన్నారు.

నేను నోరు తెరిచేలోపు గొంతు సవరించుకుని ఆమెతో మొదలుపెట్టారు. "అవ్వా, పొయ్యి మీద ఏం పెట్టినవే? దించు, నేను పట్టుకొస్త. కోళ్లను గూడ గంపల వేద్దాం. నువ్వైతే ముందుగాల బయటికి రా." కీబోర్డు ముట్టకుండా అలా మాట అందిస్తూనే ఉన్నారు. నేనూ సార్ భార్యా పడీపడీ నవ్వాం. కాసేపయ్యాక చూస్తే ఆయన కళ్లలో నీళ్లు. "ఏంది, ఈమెకు నా మాట ఇనవడ్తలేదా?" అన్నారు.

"ఇనవడది సార్, బటన్ నొక్కాలె."

"మరి నాకు గీ ఏడుపెట్ల వచ్చె?" అని నన్నే అడిగారు. ఆ కన్నీళ్లు కూతురిగా వచ్చాయో, చివరి కుర్చీలో మనిషిగా వచ్చాయో ఆయనే తేల్చుకోలేకపోయారు. "ఆలోచించి చెప్త తియ్. ముగింపు గూడ అప్పుడే చెప్త" అన్నారు.

చెప్పకుండానే వెళ్లిపోయారు. నాకు ఆయన మీద కోపం కూడా వచ్చింది. తల్లి ఒప్పుకుని వచ్చేసినట్టు రాశాను, కొట్టేశాను. మునిగిపోయినట్టు రాశాను, అదీ కొట్టేశాను. చివరికి ఒక్కటే తోచింది. ఆడేవాళ్లు ఏ బటనూ నొక్కకుండా ఆమె ఎదుట అలాగే ఉండిపోతే, కొంతసేపటికి తల్లి తనంతట తనే లేచి వచ్చి కూతురి పక్కన కూర్చుంటుంది. అంతే. ఇది నాటకమో, గేమో, నా చేతగానితనమో నాకు తెలియదు. సార్ ఉంటే ఒకరోజు తిట్టి, ఇంకో రోజు మెచ్చుకునేవారు. ఆయన నాలో పెట్టిపోయిన ఈ అయోమయానికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

దినాలు అయ్యాక వెళ్లి సార్ భార్యకు చూపించాను. ఏం నొక్కాలో నేను చెప్పలేదు. ఆమె మంచం మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఊరికే చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి తెర మీద తల్లి లేచింది. గడప దాటి వచ్చి, కూర్చోబోయింది. సార్ భార్య మంచం మీద కొంచెం పక్కకు జరిగారు.