పిందెలు రాలాలని నేను, రాలకూడదని పెద్దమ్మ

చెట్టుకు కాయనూ మనిషికి నోటినీ ఇచ్చిన దేవునికి స్తోత్రం. ఆయన్ని తలచకుండా ఈ సంగతి ఎత్తుకుంటే, పరలోకంలో ఉన్న మా పెద్దమ్మ అక్కడినుంచే కసురుతుంది.

ఆ రోజుల్లో కోయంబత్తూరులో మిల్లు మూతపడితే మా వీధిలో పొయ్యిలు ఆరిపోయేవి. అలా మూతపడ్డ ఒక ఏడు, ముదలాళి (మిల్లు యజమానిని అలాగే అనేవాళ్లం) కొడైకెనాల్ కొండమీది తన ఆపిల్ తోటలో పని ఉందంటే, పెద్దమ్మా నేనూ బస్సెక్కాం. నాకప్పటికి పెళ్లి కాలేదు. కొండమీది చిన్న చర్చిలో పాదిరి అయ్యగారు నాకు సండే స్కూలు పిల్లలకు పాఠం చెప్పే పని ఇచ్చారు. మిల్లులో మరల మోతకు నా మాట నాకే వినబడేది కాదు; ఇక్కడ పాతికమంది పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్లు. ఆ తరగతంటే నాకు ప్రాణం.

పిందె కట్టగానే తోట మేస్త్రి నా భుజానికి మందు పంపు తగిలించాడు. "ఈ మందు కొట్టు. గుత్తికి ఒకటి నిలిచి, మిగిలినవి రాలాల. అప్పుడే కాయ లావైతాది."

పెద్దమ్మ అడ్డం వచ్చింది. "దేవుడిచ్చిండే పిందెల్ని రాల్చేదానికి నువ్వెవురే? వేండాం, వద్దంటే వినవా?"

"కాసే ద్రాక్షతీగను దేవుడే కత్తిరిస్తాడని అయ్యగారు ప్రసంగంలో చెప్పలేదా? అప్పుడు నిద్రపోతా ఉంటివా?"

"కత్తెర వేరే, మందు వేరే."

సంగతి అయ్యగారి దాకా పోయింది. "చర్చిలో కోతల పండుగకు ఆ తోటనుంచి మంచి కానుక రాకపోతే, నువ్వింక పిల్లల ముందర నిలబడొద్దమ్మా," అన్నారాయన. సరేనన్నాను, పంపు దించలేదు. పెద్దమ్మ ఒక చెట్టుకు ముతక గాడాగుడ్డ చుట్టి, దాన్ని కావలించుకుని కూర్చుంది. "ఇది ప్రభువు చెట్టు. పో అవతలికి." ఆ చెట్టును వదిలేసి తోటంతా కొట్టాను.

రోజులు గడిచాయి, ఒక్క పిందే రాలలేదు. తెల్లవారితే తోటలో ఈ చివర నేను మోకరించి రాల్చమనేదాన్ని, ఆ చివర పెద్దమ్మ నిలపమనేది. (ఇద్దరి ఆమెన్ ఒకేసారి వినబడేది. పైన ఆయన అవస్థ ఆయనకే తెలియాలి.) ఆఖరికి వడగళ్లలా రాలాయి. పెద్దమ్మ వాటిని ఒళ్లో పోగేసుకుని ఏడ్చింది.

పండుగనాటికి నా కాయ ఒక్కొక్కటి అరచేతినిండా ఉంది, పెద్దమ్మవి నిమ్మకాయలంత. ఆరాధన తరువాత కానుకల ఏలంపాటలో నా బుట్టను కొండమీది పెద్ద బంగళావాళ్లు ఒక్క కేకతో పట్టుకుపోయారు. పెద్దమ్మ బుట్టను ఎవరూ పాడలేదు. అయ్యగారు ఆ కాయల్ని పిల్లలకు పంచేశారు. నా తరగతి నాకు దక్కింది. నా పిల్లలు మాత్రం నములుకుంటూ, "అక్కా, అవ్వ ఆపిలే బాగుండాది," అన్నారు.

మరుసటి ఏడు నా చెట్లు తెల్లగా పూశాయి. అంత కాపు మోసి అలసిన పెద్దమ్మ చెట్టు పువ్వే వేయలేదు. ఆమె నా పక్కకొచ్చి, కొంగు సర్దుకుంటూ మెల్లగా అడిగింది. "ఏమే, ఆ మందు ఇప్పుడు కొడితే పూస్తాదా?"

"పోయినేడే కొట్టాల్సింది, పెద్దమ్మా."

"శరి. అయితే ప్రార్థన చేస్తాం, రా."

ఆ రోజు ఇద్దరం ఒకే చెట్టు కింద మోకరించాం, ఒకే మాట అడిగాం.

ఇప్పుడు ఈ వయసులో నా మోకాళ్లు వంగవు. కుర్చీలో కూర్చునే ప్రార్థిస్తాను. మీరూ నాతో కళ్లు మూసుకోండి. నన్ను అంతగా ఎదిరించిన పెద్దమ్మను ఇచ్చినందుకు స్తోత్రం చెబుదాం. మందు కొట్టినందుకు మాత్రం క్షమాపణ అడగను, మీరూ నా తరఫున అడగొద్దు. ఆమెన్.