చేపల కత్తి పట్టిన షిజునో

షిజునో జుట్టు కత్తిరించింది సొంత అన్నే. యుద్ధంలో ఓడిన జపాన్‌లో, సాసెబో రేవు దగ్గర, తండ్రి చేపల కొట్టు ముందు, పట్టపగలు ఆమెను కొట్టి, తన్ని, మోకాళ్ల మీద కూలదోసి, కత్తెరతో జుట్టు కుదుళ్ల దాకా కోసేశాడు తామోత్సు. అడ్డమొచ్చిన తండ్రిని మోచేత్తో తోసేశాడు. బజారంతా చూస్తూ నిలబడింది.

"బాంబులేసి అమ్మను కాల్చి బూడిద చేసినవాళ్ల చొక్కాలు ఉతికావు. పొట్టకోసమేలే అని ఊరుకున్నా. మొగుడు కూడా వాళ్లలోవాడే కావాలా నీకు?"

షిజునో నోట్లోని నెత్తురు ఉమ్మింది. "అమ్మ కాలిపోయినప్పుడు ఆయన ఆ విమానంలో లేడన్నా. ఎక్కడో బంగాళాదుంపల తొక్క తీస్తున్నాడు."

ఆ మాటకు డొక్కలో ఇంకో నాలుగు తన్నులు పడ్డాయి. మర్నాడు తలకు గుడ్డ కట్టుకుని, ఎప్పటిలాగే అమెరికన్ల బట్టలుతికే పనికి వెళ్లింది. ఆ చలికాలంలోనే వాళ్ల సైన్యంలో వంట సార్జెంటు వర్జిల్‌ను పెళ్లాడి అమెరికా ఓడెక్కింది. తండ్రి రేవుకు వచ్చాడు. చేపలు కోసే తన కత్తిని గుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు.

కాన్సస్‌లో కూతురు లోయిస్ పుట్టిన కొద్ది నెలలకే వర్జిల్‌ను కొరియా యుద్ధానికి పంపారు. వెళ్లింది ఒక మనిషి, తిరిగొచ్చింది ఇంకొకడు. అక్కడ చైనా సైనికులు వంటగుడారం మీద విరుచుకుపడితే, ఒక కుర్ర సైనికుణ్ణి మాంసం కొట్టే కత్తితో నరికి చంపాడట. తాగితే చాలు, పెళ్లాం మొహంలో ఆ కుర్రాడి మొహం కనిపించేది. గొంతు పట్టుకునేవాడు. ఒకసారి మెడ కింది ఎముక విరిచాడు.

పక్కవీధిలో తనలాగే జపాన్ నుంచి ఇంకో సైనికుణ్ణి చేసుకుని వచ్చిన హిసాయే ఉండేది. కట్టు కడుతూ ఆమె కోప్పడింది. "పోలీసులకు చెప్పవే, మొద్దుదానా."

"చెప్పానక్కా. మీ దేశంలో మొగుళ్లు కొట్టరా అని నవ్వారు."

లోయిస్‌కు అయిదో ఏడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర పాలగ్లాసు ఒలకబోసింది. వర్జిల్ బెల్టు లాగి కొట్టాడు. ఇనుప కొక్కెం తగిలి పిల్ల చెవి చీలింది. షిజునో పక్కనే తండ్రిచ్చిన కత్తితో చేప కోస్తోంది. ఇటు తిరిగి, బల్లమీద ఆనించి ఉన్న అతని ఎడమ చేతిలోకి కత్తిని బల్ల చెక్కదాకా దించింది.

అతను అరవబోతే గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"చూడు. నేను నువ్వు చంపినవాణ్ణి కాదు. షిజునోని. మళ్లీ ఇంకోసారి చూడు."

చాలాసేపు చూశాడు. తర్వాత చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కత్తి ఆమే పీకింది. ముందు పిల్ల చెవికి, తర్వాత అతని చేతికి గుడ్డ చుట్టి, పిల్లను ఎత్తుకుని హిసాయే ఇంటికి నడిచింది.

కత్తి జారిందని పోలీసులకు వర్జిలే చెప్పుకున్నాడు. తాగుడు మాన్పించుకోడానికి సైనికుల ఆసుపత్రిలో చేరాడు. షిజునో కోళ్లు కోసే కంపెనీలో పనికి కుదిరి పిల్లను సాకింది. రెండేళ్లకు మందు మానేసి అతను గుమ్మంలో నిలబడ్డాడు.

"వంట నేను చేస్తాను," అన్నాడు.

"గదులు వేరు. నా గదికి లోపల గడియ ఉంటుంది."

"సరే."

అలాగే ముప్పయ్యేళ్లు బతికారు. ఎడమ చేతి రెండు వేళ్లు వంగకపోయినా అతనే వండిపెట్టాడు. ఆమె రోజూ గడియ వేసుకుంది. ఎందుకని అతనెప్పుడూ అడగలేదు.

వర్జిల్ పోయినప్పుడు శ్మశానంలో గాల్లోకి కాల్చి వందనం చేయడానికి సైనికులు తుపాకులతో వరుసగా నిలబడ్డారు. షిజునో వాళ్ల అధికారి దగ్గరికి వెళ్లింది.

"కాల్చకండి బాబూ."

"అది ఆయనకిచ్చే మర్యాదమ్మా."

"కొరియా నుంచి వచ్చినప్పటి నుంచీ ఆ మోతంటే ఆయనకు భయం. వద్దు."

అధికారి చెయ్యెత్తాడు. తుపాకులు దించారు. శవపేటిక మీంచి తీసి మడిచిన జెండా ఆమె చేతిలో పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయారు.