సియానాలో సగం గోడ

అంకుల్ పోయారని ఆయన కూతురు ఫోన్ చేసేసరికి నేను మెల్బోర్న్‌లో మా టార్నీట్ స్టేషన్ కార్ పార్కులో ఉన్నాను. విమానంలో బ్రిస్బేన్‌కీ, అక్కణ్ణుంచి కారులో టూవూంబాకీ చేరేలోపు మట్టి చెయ్యడం కూడా అయిపోయింది. ముస్లిం ఇళ్ళలో ఆలస్యం చెయ్యరు. ఆ సంగతి తెలిసి కూడా దారంతా గడియారం చూసుకుంటూనే ఉన్నాను. కుదురు లేకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఆయన నాకు చుట్టం కాదు. వైటూకే రోజుల్లో కాంట్రాక్టు మీద టూవూంబా వచ్చినప్పుడు పక్కింటివారు. గుంటూరు మనిషి, అక్కడి యూనివర్సిటీలో సివిల్ డ్రాయింగ్ చెప్పేవారు. పెన్సిల్ బ్లేడుతోనే చెక్కేవారు, షార్పెనర్ తొందరమనుషులదట. నాకు కారు నేర్పింది ఆయనే. రంజాన్ పండక్కి ఆంటీ చేసే షీర్ ఖుర్మా మొదటి గిన్నె నాకే వచ్చేది.

రెండువేల సంవత్సరం వచ్చింది, లోకం మునిగిపోలేదు, మా టీముకి సెలవులిచ్చారు. అంకుల్, ఆంటీ యూరప్ వెళ్తుంటే నేనూ బయల్దేరాను. టిక్కెట్లూ హోటళ్ళూ నేనే చూస్తానన్నాను. సాఫ్ట్‌వేర్ టెస్టర్ని కదా, ఎక్సెల్ షీటులో పదిహేను రోజులకి పదకొండు ఊళ్ళు పెట్టాను. ఒక్కో ఊరి పక్కన చర్చి, మ్యూజియం, వంతెన, చివర ‘పాస్’ అని ఒక గడి.

"ఊళ్ళకి పరీక్షలు పెడతన్నావా అమ్మాయ్?" అన్నారు అంకుల్. పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలంది ఆంటీ. నవ్వేశాను గానీ ఒక్క గడి కూడా తీసెయ్యలేదు.

ఇటలీలో, సియానాలో పాత టౌన్ హాలు. ఒక గదిలో గోడ పొడవునా ఒక ఊరి బొమ్మ. ఎడమవైపు ఊరు, నడుమ కోట గుమ్మం, కుడివైపు పొలాలు. మిద్దె మీద మేస్త్రీలు గోడ కడుతున్నారు. అంకుల్ ఎడమ చివర మొదలుపెట్టి జానెడు జానెడు చొప్పున చూసుకుంటూ వస్తున్నారు. నేను ట్రైన్ టిక్కెట్లు మడతపెట్టడం, విప్పడం. ఈ ఒక్క రోజు ఇక్కడే ఉందామా అని అడిగారు. రేపటికి ఇంకా రెండు ఊళ్ళున్నాయన్నాను.

"నువ్వు పో అమ్మాయ్. ఈ మేస్త్రీల పని పూర్తయ్యాక నేనొస్తా."

ఆయన బ్యాగు నా భుజాన వేసుకుని బయల్దేరదీశాను. నా వెనకే వచ్చేశారు. తర్వాతి ఊళ్ళన్నీ పాసయ్యాయి. ఇప్పుడా ఫోటోలు తీస్తే ఏది ఏ ఊరో చెప్పలేను.

ఆపైన మెల్బోర్న్ మారాను. మళ్ళీ సియానా వెళ్దాం అంకుల్ అని ఫోన్లో ఎన్నిసార్లు అన్నానో. ఆ ఊరెక్కడికీ పోదు, ముందు నువ్వొకసారి ఇంటికి రా అనేవారు. అదీ చెయ్యలేదు. నా మీద నాకే కోపంగా ఉంది. మీకు ఇదంతా చెప్పుకోవడం అందుకే.

ఆంటీ అన్నం పెట్టింది. వాళ్ళమ్మాయి ఆయన గదిలోకి తీసుకెళ్ళి గోడ చూపించింది.

"రిటైరయ్యాక ఎవ్రీ ఆర్వో, మధ్యాహ్నమైతే చాలు ఇదే పని, అక్కా."

డ్రాయింగ్ షీట్లు అతికించి, గుర్తున్నంత మేర సియానా గోడ వేశారు. మిద్దెలు, చెప్పుల కొట్టు, మేస్త్రీలు, వాళ్ళు నిలబడ్డ కట్టెలకి వేసిన తాళ్ళ ముళ్ళతో సహా. మిగతా సగం ఎందుకు వెయ్యలేదని ఆమె అడిగితే, "అటువైపు చూడలేదు కదమ్మా" అన్నారట. ఎందుకు చూడలేదో మాత్రం చెప్పలేదట.

కోట గుమ్మంలోంచి మూటలు మోస్తూ ఒక గాడిద బయటికి అడుగు పెడుతోంది. దాని ముందు కాళ్ళ దగ్గర్నుంచి అంతా తెల్ల కాగితం.